మద్రాసు హెరాల్డ్, అనంతపురం ఎండ

పాత స్పోర్ట్స్ కారు అందానికే గాని అవసరానికి పనికిరాదన్న మాట చాలామంది నోట స్థిరపడిపోయింది. ప్రదర్శనలో నిలబెట్టడానికి, పెళ్ళి ఊరేగింపులో పూలు కట్టడానికి బాగుంటుంది. సంతకు పోవాలన్నా, పిల్లల్ని బడిలో దించాలన్నా కొత్త కారే కావాలంటారు. ఇందులో కొంత నిజం ఉంది. అయితే ఒక యంత్రం నిత్యం పనికొస్తుందా లేదా అన్నది దాని వయసు ఒక్కటే తేల్చదు. దాన్ని ఎలా కట్టారు, అది ఏ గాలిలో ఏ నేల మీద తిరుగుతోంది, చెడిపోతే బాగుచేసే చేతులు ఎంత దూరంలో ఉన్నాయి, ఈ మూడూ కలిపి చూస్తేనే జవాబు దొరుకుతుంది. ఆ లెక్క వేసి చూడటానికి తెలుగువారికి దగ్గరగా ఒక మంచి ఉదాహరణ ఉంది. మద్రాసులో తయారై దక్షిణాది రోడ్ల మీద తిరిగిన స్టాండర్డ్ హెరాల్డ్ అది. బ్రిటన్‌లో పేరుమోసిన ట్రయంఫ్ స్పిట్‌ఫైర్ అనే స్పోర్ట్స్ కారు దీని ఛాసిస్ నుంచే పుట్టింది. ఈ కుటుంబపు కారును దేశంలోనే అతి తక్కువ వాన పడే ప్రాంతాల్లో ఒకటైన అనంతపురం పీఠభూమి మీద నిలబెట్టి పరీక్షిస్తే, మనం అనుకున్నదానికి కొంత భిన్నమైన తీర్పు వస్తుంది.

హెరాల్డ్ పుట్టుకే ఒక ఇబ్బందిలోంచి జరిగింది. 1950ల నాటికి కార్ల కంపెనీలు విడిగా ఛాసిస్ లేకుండా, బాడీ మొత్తాన్ని ఒకే పెట్టెలా వెల్డింగ్ చేసే పద్ధతికి మారుతున్నాయి. ఇంగ్లండులోని కోవెంట్రీలో ఉన్న స్టాండర్డ్-ట్రయంఫ్ కంపెనీకి బాడీలు తయారుచేసి ఇచ్చే ఫిషర్ అండ్ లడ్లో సంస్థను 1953లో పోటీదారు బీఎంసీ కొనేసింది. పూర్తి బాడీ ఒకేచోట తయారుచేయించుకునే దారి మూసుకుపోవడంతో ఇంజనీర్లు పాత పద్ధతికే తిరిగి వెళ్ళారు. గట్టి ఉక్కు ఛాసిస్ ఒకటి వేసి, వేర్వేరు చోట్ల తయారైన బాడీ ముక్కలను దానిమీద బోల్టులతో బిగించారు. ఇటలీలోని టూరిన్‌కు చెందిన జొవాన్ని మికెలొట్టి దానికి రూపం ఇచ్చాడు. 1959 ఏప్రిల్‌లో కారు బయటికి వచ్చింది. 948 సీసీ నాలుగు సిలిండర్ల ఇంజను, వెనక చక్రాలకు శక్తి, నాలుగు చక్రాలకూ విడివిడి సస్పెన్షన్, ఏడున్నర మీటర్ల పైచిలుకు వలయంలో తిరిగిపోయే స్టీరింగ్, ముందుకు మొత్తంగా తెరుచుకునే బానెట్ దాని ప్రత్యేకతలు. బానెట్ ఎత్తితే ఇంజను, స్టీరింగ్, ముందు చక్రాల సస్పెన్షన్ అన్నీ చేతికి అందుతాయి. మెకానిక్ టైరు మీద కూర్చుని పని చేసుకోవచ్చు.

ఆ ఛాసిస్‌నే పొట్టిచేసి, రెండు సీట్ల బాడీ తొడిగి 1962 అక్టోబరులో స్పిట్‌ఫైర్‌ను తెచ్చారు. హెరాల్డ్ ముందు వెనక చక్రాల మధ్య 2,324 మిల్లీమీటర్ల దూరం ఉంటే, స్పిట్‌ఫైర్‌కు 2,108. 1965లో లే మాన్స్ 24 గంటల పందెంలో అది తన తరగతిలో గెలిచింది. 1980 దాకా మూడు లక్షలకు పైగా స్పిట్‌ఫైర్లు తయారయ్యాయి. లోటస్ ఎలాన్ వంటి పేరున్న స్పోర్ట్స్ కారు కూడా ముందు చక్రాల దగ్గర హెరాల్డ్ కుటుంబపు భాగాలనే వాడుకుంది. మన వైపు మద్రాసులోని స్టాండర్డ్ మోటార్ ప్రొడక్ట్స్ ఆఫ్ ఇండియా 1961 నుంచి హెరాల్డ్‌ను తయారుచేసింది. ముక్కలుగా వచ్చి బోల్టులతో కలిసే కారు కనుక, కొత్తగా పరిశ్రమ నిలదొక్కుకుంటున్న దేశానికి అది సరిగ్గా సరిపోయింది. ఇంగ్లండు హెరాల్డ్‌కు ఎప్పుడూ రెండు తలుపులే. మద్రాసు కంపెనీ ఇక్కడి కుటుంబాల కోసం నాలుగు తలుపుల మార్క్ 3ను తెచ్చింది. 1972లో గజెల్ పేరుతో మరో రూపం ఇచ్చి, 1977 దాకా నడిపింది. ఒకే ఎముకల గూడు ఒకచోట పందెపు కారు అయింది, మరోచోట ఇంటిల్లిపాదీ ఎక్కే కారు అయింది. స్పోర్ట్స్ కారు వేరు, వాడుక కారు వేరు అన్న గీత మనం అనుకున్నంత గట్టిది కాదనడానికి ఇదే మొదటి సాక్ష్యం.

ఇక నేల సంగతి. పాత కార్లను చంపేది ఎక్కువగా ఇంజను అరుగుదల కాదు, తుప్పు. బ్రిటన్‌లో చలికాలపు రోడ్ల మీద మంచు కరగడానికి ఉప్పు చల్లుతారు. ఆ ఉప్పునీరు ఛాసిస్ సందుల్లో చేరి హెరాల్డ్, స్పిట్‌ఫైర్లను అడుగు నుంచి తినేసింది. మన తీరప్రాంతంలో ఆ పని సముద్రపు గాలి చేస్తుంది. గాలిలో తేమ సుమారు 60 శాతం దాటినప్పుడే ఇనుము మీద తుప్పు వేగం బాగా పెరుగుతుంది. అనంతపురంలో ఏడాదికి పడే వాన సగటున 550 మిల్లీమీటర్ల చుట్టూ ఉంటుంది. నైరుతి మేఘాలను పడమటి కనుమలు అడ్డుకుంటాయి. ఈశాన్య రుతుపవనాల వాన తూర్పు తీరం నుంచి ఇంత లోపలికి వచ్చేసరికి పలచబడుతుంది. రైతును ఏడిపించే ఈ పొడి గాలే ఉక్కుకు ఆయుష్షు పోస్తుంది. ఏడాదిలో ఎక్కువ నెలలు రేకు మీద తడి నిలవదు. ఉప్పు గాలి ఇంత దూరం రాదు. విశాఖపట్నంలోనో చెన్నైలోనో నిలిపిన కారు కన్నా ధర్మవరంలోనో కదిరిలోనో నీడన నిలిపిన కారు ఛాసిస్ ఎక్కువ కాలం బతుకుతుంది. పాత కారు సొంతదారుడికి అన్నిటికన్నా ఖరీదైన పని కుళ్ళిన రేకును కోసి కొత్తది అతకడం. ఆ ఖర్చును ఈ కరువు నేల చాలావరకు తప్పిస్తుంది.

అయితే అదే ఎండ మరోచోట దెబ్బ కొడుతుంది. పెట్రోలులోని తేలికైన భాగాలు 35 డిగ్రీల దగ్గర నుంచే ఆవిరి కావడం మొదలవుతుంది. వేసవిలో ఇక్కడ నీడలోనే 40 దాటుతుంది. ఆపేసిన ఇంజను పక్కన బానెట్ లోపలి వేడి అంతకన్నా చాలా ఎక్కువ. హెరాల్డ్ పెట్రోలు పంపు ఇంజనుకే బిగించి ఉంటుంది, వెనక ఉన్న ట్యాంకు నుంచి పెట్రోలును పీల్చుకుంటుంది. పీల్చేచోట ఒత్తిడి తగ్గుతుంది. ఒత్తిడి తగ్గితే ద్రవం ఇంకా తక్కువ వేడికే మరుగుతుంది. పైపులో ఆవిరి బుడగలు చేరితే పంపు పెట్రోలును ముందుకు నెట్టలేదు, బండి ఆగిపోతుంది. కొత్త కార్లలో పంపు ట్యాంకులోనే ఉండి ఒత్తిడితో నెడుతుంది కనుక ఈ బాధ లేదు. అంటే ఇది పాత కారు స్వభావం కన్నా పంపు ఉన్న చోటు వల్ల వచ్చిన లోపం. ట్యాంకు దగ్గర చిన్న కరెంటు పంపు పెట్టడం, పెట్రోలు పైపును ఇంజను వేడికి దూరంగా జరపడం, కార్బొరేటర్ కింద వేడిని అడ్డుకునే మందపు ప్యాకింగ్ వేయడం, ఈ మూడూ ఒక పూట పనులు. నీటి విషయంలో మరో జాగ్రత్త ఉంది. ఇక్కడి బోరు నీళ్ళలో లవణాలు ఎక్కువ. వాటిని రేడియేటర్‌లో పోస్తే సన్నని గొట్టాల్లో సున్నపు పొర కట్టి, వేడి బయటికి పోయే దారి మూసుకుపోతుంది. డిస్టిల్డ్ వాటర్‌లో కూలెంట్ కలిపి పోస్తే ఆ ముప్పు ఉండదు.

దుమ్ము ఇంతకన్నా ఓర్పు అడుగుతుంది. రాయదుర్గం, కణేకల్లు వైపు వేదవతి ఒడ్డున ఇసుక దిబ్బలే మేట వేస్తున్నాయి. ఇసుకలోని సిలికా మామూలు ఉక్కు కన్నా గట్టిది. ఎయిర్ ఫిల్టర్ దాటి సిలిండర్‌లోకి పోతే రింగులను అరగదీస్తుంది. హెరాల్డ్ ముందు చక్రాల దగ్గర కంచు కీలు ఒకటి ఉంటుంది, దాన్ని ట్రనియన్ అంటారు. స్టీరింగ్ తిప్పినప్పుడల్లా అందులో మర కదులుతుంది. అందులో గ్రీసు కాకుండా గేరు నూనె పట్టించాలని తయారీదారులే చెప్పారు, ఎందుకంటే గ్రీసు లోపలి మర దాకా చేరదు. నూనె ఎండిపోయి ఆ మర అరిగి విరిగితే చక్రం పక్కకు పడిపోతుంది. ఈ కుటుంబపు కార్లకు చెడ్డపేరు తెచ్చిన లోపాల్లో ఇది ఒకటి. మందు మాత్రం క్రమం తప్పకుండా పట్టించే కాస్త నూనే. ఇన్ని జాగ్రత్తలున్న బండి నిత్యం పనికొస్తుందా అని అడగవచ్చు. కొత్త కారుకూ సర్వీసు ఉంటుంది, అది మన కంటికి కనిపించని చోట జరుగుతుంది, అంతే. పాత కారు అదే పనిని చిన్నచిన్న భాగాలుగా చేసి సొంతదారుడి చేతికి అప్పగిస్తుంది. ఆ క్రమశిక్షణ ఉన్నవారికి అది భారం కాదు. లేనివారు మాత్రం ఇలాంటి కారు కొనకూడదు.

విడిభాగాలు దొరకవన్నది తరచుగా వినిపించే అభ్యంతరం. ఇక్కడే స్పోర్ట్స్ కారు బంధుత్వం అక్కరకొస్తుంది. మూడు లక్షల స్పిట్‌ఫైర్లకు బ్రిటన్‌లో నేటికీ అభిమానులు, క్లబ్బులు, విడిభాగాల వ్యాపారులు ఉన్నారు. అందువల్ల ముందు సస్పెన్షన్, ఇంజను భాగాలు అనేకం ఇప్పటికీ కొత్తగా తయారవుతున్నాయి. మిగతా పని అనంతపురంలోనే అవుతుంది. బోర్ల మీద బతికే జిల్లా ఇది. కాలిపోయిన మోటారుకు తీగ చుట్టే రివైండింగ్ షాపు, షాఫ్టు సరిచేసే లేత్ షాపు లేని పట్టణం ఇక్కడ కనపడదు. హెరాల్డ్ డైనమో, స్టార్టర్ మోటారు కూడా రాగి తీగ చుట్టిన యంత్రాలే. బుష్షులు, పిన్నులు లేత్ మీద తిప్పుకోవచ్చు. పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో 2019లో తయారీ మొదలైన కియా ఫ్యాక్టరీ నుంచి వచ్చే కారుకు కంప్యూటర్ బోర్డు చెడితే ఏ పల్లెలోనూ బాగుచేయలేరు, కొత్తది తెప్పించి మార్చాల్సిందే. ఆ కొత్త కారు చాలా అరుదుగా చెడుతుందన్నదీ అంతే నిజం. పాతది తరచుగా, చవకగా చెడుతుంది. కొత్తది అరుదుగా, ఖరీదుగా చెడుతుంది. ఏది ఎవరికి నయమో చుట్టుపక్కల ఉన్న పనితనం తేలుస్తుంది.

ఇథనాల్ కలిపిన పెట్రోలు ఇప్పటి పెద్ద పరీక్ష. 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలే నేడు దేశమంతటా బంకుల్లో దొరుకుతోంది. అది పాత రబ్బరు పైపులను ఉబ్బించి చీలుస్తుంది. పెట్రోలు పూర్తిగా మండటానికి దాని బరువుకు 14.7 రెట్ల గాలి కావాలి. ఇథనాల్‌కు 9 రెట్లు చాలు. కాబట్టి కార్బొరేటర్‌లో ఇంధనాన్ని వదిలే పాత జెట్‌తోనే నడిపితే మిశ్రమంలో ఇంధనం పాలు తగ్గి ఇంజను వేడెక్కుతుంది. కార్బొరేటర్ జెట్‌ను ఒక సైజు పెంచి, పైపులు మార్చుకోవడమే దారి. మైలేజీ కొంత తగ్గుతుంది. అంతకన్నా ముఖ్యమైన సంగతి ఒకటుంది. ఇథనాల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. నెలల తరబడి కదలని ట్యాంకులో నీరు అడుగుకు చేరుతుంది. బ్రేక్ ఆయిల్‌కూ అదే గుణం ఉండటంతో నిలిచిపోయిన బండిలో వీల్ సిలిండర్లు పట్టేస్తాయి. బ్యాటరీ దిగిపోతుంది, సీళ్ళు ఎండిపోతాయి. షెడ్డులో గుడ్డ కప్పి దాచిన కారు భద్రంగా ఉందనుకోవడం భ్రమ. పాత కారును తరచుగా నడపడమే దాన్ని కాపాడటం. నా వాదనకు ఇదే కీలకం: నిత్య వాడుక ఈ యంత్రానికి శిక్ష కాదు, వైద్యం.

ప్రాణభద్రత విషయంలో మాత్రం వాదనకు తావు లేదు. మద్రాసు హెరాల్డ్‌లో ఎయిర్ బ్యాగులు లేవు, నాలుగు చక్రాలకూ డ్రమ్ము బ్రేకులే. మలుపులో హఠాత్తుగా యాక్సిలరేటర్ వదిలేస్తే వెనక చక్రం లోపలికి మడిచినట్టు వంగి కారు అదుపు తప్పే ప్రమాదం దాని స్వింగ్ యాక్సిల్‌లో ఉంది. గజెల్‌లో దాన్ని తీసేసి మామూలు యాక్సిల్ పెట్టారు. స్పిట్‌ఫైర్‌లోనూ 1970లో వెనక స్ప్రింగును మార్చారు. లారీలు దూసుకుపోయే 44వ నంబరు జాతీయ రహదారి మీద రాత్రిపూట పిల్లల్ని ఎక్కించుకుని వెళ్ళడానికి ఇది తగిన కారు కాదు. కాలుష్యంలోనూ కిలోమీటరుకు లెక్కేస్తే కొత్త కారు ముందు నిలవదు. పాత పెట్రోలు కార్లకు చట్టం అనుమతించే కార్బన్ మోనాక్సైడ్ 3 శాతం. ఆ పరిమితికి లోపల ఉండేలా ట్యూనింగ్ చేయించడం సొంతదారుడి కనీస బాధ్యత. చట్టంలో మరో మెలిక గమనించాలి. 2021 నిబంధనల ప్రకారం 50 ఏళ్ళు దాటిన కారును వింటేజ్‌గా నమోదు చేయించి ‘వీఏ’ నంబరు తీసుకుంటే, దాన్ని ప్రదర్శనలకు, ర్యాలీలకు, మరమ్మతులకు తప్ప రోజువారీ పనులకు తిప్పకూడదు. నిత్యం నడపాలంటే మామూలు రిజిస్ట్రేషన్‌నే ఐదేళ్ళకొకసారి పొడిగించుకోవాలి. 2025లో 20 ఏళ్ళు దాటిన కార్లకు ఆ రుసుమును కేంద్రం 10,000 రూపాయలకు పెంచింది.

ఇవన్నీ కలిపి తూస్తే తీర్పు స్పష్టం. ఇంట్లో ఒక్కటే కారు ఉండాల్సిన కుటుంబానికి, ఏ వేళనైనా ఆసుపత్రికి పరుగెత్తాల్సిన అవసరం ఉన్నవారికి పాత స్పోర్ట్స్ కారు సరిపోదు. రెండో బండిగా, ఊరి పరిధిలో, పగటిపూట, వారానికి రెండు మూడుసార్లు నడిపేవారికి మాత్రం అది నిజంగా పనికొచ్చే వాహనం. అనంతపురం వంటి పొడి నేల మీద తీరప్రాంతం కన్నా బాగా పనికొస్తుంది. రాయలసీమ పట్టణాల పాత షెడ్లలో ఏ హెరాల్డో, ఏ ఫియట్టో, ఏ జీపో ఇంకా నిలిచి ఉంటే, తుక్కుకు వేసేముందు బానెట్ తెరిచి చూడండి. ఆ ఇంజనును పాలిటెక్నిక్, ఐటీఐ విద్యార్థుల ముందు పెట్టండి. పిస్టను, కార్బొరేటర్, డైనమో ఎలా పనిచేస్తాయో కంటితో చూసి చేత్తో విప్పి నేర్చుకోగల యంత్రాలు తగ్గిపోతున్నాయి. వాటిని నడుస్తున్న స్థితిలో ఉంచుకోవడం ఈ జిల్లాకు సాధ్యమైన పని, చేయదగిన పని.