ఆదివారం.. ఆటా? ఆరాధనా?

బొబ్బిలిలో ఆదివారం పొద్దున్న. ఒకపక్క చర్చిలో ఆరాధన మొదలవుతుంటుంది. ఇంకోపక్క గ్రౌండులో టాస్ వేస్తుంటారు. ఈ రెండింటి మధ్యా నలిగిపోయే పిల్లలు మన ఊళ్లలో బోలెడంత మంది. వారమంతా బడి, ట్యూషన్లు, పనులు. టోర్నమెంటులు పెట్టేదేమో ఎక్కువగా ఆదివారమే. బ్యాగు భుజాన వేసుకుని గుమ్మం దాటబోతుంటే లోపల్నుంచి మామ్మ కేక.. ‘ఏటిరా, దేవుడికి వారానికి ఒక్క పూట ఇవ్వలేవా?’ తలొంచుకుని బ్యాగు దించేసేవాళ్లు కొందరు. ‘వచ్చే వారం తప్పకుండా వస్తాను మామ్మా’ అంటూ జారుకునేవాళ్లు కొందరు.

ఈ పట్టింపు ఇక్కడికి కొత్తగా వచ్చింది కాదు. కెనడా బాప్టిస్టు మిషనరీలైన చర్చిల్ దంపతులు 1879లో బొబ్బిలి వచ్చారు. ఆదివారం విశ్రాంతి దినమనీ, అది దేవుడిదనీ నమ్మిన తరం వాళ్లది. ఆ మాట ఇక్కడి ఇళ్లలో తాతల నుంచి మనవళ్ల దాకా వచ్చింది. మరి ఆటే జీవితం అనుకున్నవాళ్లు ఏం చేయాలి? ప్రపంచంలోనే గొప్ప ఆటగాళ్లు కొందరికి ఇదే ప్రశ్న ఎదురైంది. అందులో ఒకాయన కథకు మన విజయనగరంతో చుట్టరికం కూడా ఉంది.

విజ్జీ జట్టులో హాబ్స్

క్రికెట్ చరిత్రలో ‘విజ్జీ’గా పేరుపడ్డ విజయనగరం మహారాజకుమార్ విజయానంద గజపతిరాజు 1930-31లో ఓ పెద్ద పనే చేశాడు. సొంత జట్టు కట్టి, అందులో ఆడటానికి ఇంగ్లండు నుంచి జాక్ హాబ్స్‌నూ, హెర్బర్ట్ సట్‌క్లిఫ్‌నూ రప్పించాడు. హాబ్స్ అంటే అప్పటికి క్రికెట్‌కే పెద్ద దిక్కు. ఫస్ట్‌క్లాస్ క్రికెట్లో ఆయన సెంచరీలు 197. కాదు, 199 అంటారు ఇంకొందరు. ఆ తేడా ఎక్కడిదో తెలుసా? విజ్జీ జట్టు తరఫున కొట్టిన రెండు సెంచరీలను ఫస్ట్‌క్లాస్ లెక్కలో కలపాలా వద్దా అన్న దగ్గరే!

అంతటి ఆటగాడు ఆ పర్యటనలో ఒక్క విషయంలో మాత్రం పట్టు వదల్లేదు. ఆదివారం బ్యాట్ పట్టనన్నాడు. పిలిచినవాడు రాజకుమారుడు, చూడ్డానికి వచ్చేవాళ్లు వేలమంది. అయినా మాట మార్చలేదు. చివరికి ఆయన కోసం మ్యాచ్‌ల తేదీలే సర్దుకోవాల్సి వచ్చింది. కెప్టెన్‌గా విజ్జీ మీద విమర్శలు చాలానే ఉన్నాయి. ఈ ఒక్క సర్దుబాటు మాత్రం మెచ్చుకోదగ్గదే.

పరుగు మానుకున్నవాడు

హాబ్స్ కోసం తేదీలు కదిలాయి. ఎరిక్ లిడెల్ కోసం ఎవరూ కదిలించలేదు. 1924 పారిస్ ఒలింపిక్స్‌లో ఈ స్కాట్లాండ్ యువకుడి మీద 100 మీటర్ల పరుగులో దేశమంతా ఆశలు పెట్టుకుంది. ఆ పరుగు హీట్స్ ఆదివారం పడ్డాయని ముందే తెలిసింది. నేను రానన్నాడు. పత్రికలు దుమ్మెత్తిపోశాయి, దేశం మీద ప్రేమ లేదన్నాయి. అతను తనకు అంతగా అలవాటు లేని 400 మీటర్లకు సిద్ధమయ్యాడు. 47.6 సెకన్లలో పరుగెత్తి, ప్రపంచ రికార్డుతో స్వర్ణం గెలిచాడు.

చాలామంది కథను ఇక్కడితో ఆపేసి, ‘చూశారా, దేవుణ్ణి నమ్ముకుంటే బంగారం వచ్చింది’ అంటారు. కానీ అసలు కథ తర్వాతే ఉంది. మరుసటి ఏడాదే లిడెల్ మిషనరీగా చైనా వెళ్లిపోయాడు. రెండో ప్రపంచ యుద్ధంలో జపాన్ సైన్యం అతణ్ని వైషియన్ నిర్బంధ శిబిరంలో పెట్టింది. అమ్మానాన్నలకు దూరమైన పిల్లలు అక్కడ చాలామంది. వాళ్లకు పాఠాలు చెప్పాడు, ఆటలు ఆడించాడు. ఆదివారం మాత్రం ఆటల జోలికి వచ్చేవాడు కాదు. పెద్దవాళ్లు లేకపోయేసరికి ఓ ఆదివారం పిల్లలు హాకీ ఆడుతూ కొట్టుకున్నారు. అది విని లిడెల్ ఆలోచించాడు. తర్వాతి ఆదివారం రిఫరీగా గ్రౌండులోకి వచ్చాడు!

తన పతకం కోసం కదలనివాడు పిల్లల కోసం కదిలాడు. 1945 ఫిబ్రవరిలో, విడుదలకు కొన్ని నెలల ముందు, మెదడులో కణితితో ఆ శిబిరంలోనే కన్నుమూశాడు.

అందరిదీ ఒకే దారి కాదు

ట్రిపుల్ జంప్ వీరుడు జొనాథన్ ఎడ్వర్డ్స్‌దీ మొదట్లో ఇదే పట్టుదల. బ్రిటన్‌లో ఓ మతాచార్యుడి కొడుకు. ఆదివారం దూకననే 1991 ప్రపంచ చాంపియన్‌షిప్‌ను వదులుకున్నాడు. 1993లో మనసు మార్చుకున్నాడు. దేవుడిచ్చిన ప్రతిభను ఏ రోజైనా వాడొచ్చన్నది అప్పటి అతని నమ్మకం. 1995లో 18.29 మీటర్లు దూకాడు. ఆ రికార్డును ఇప్పటికీ ఎవరూ దాటలేదు. 2000లో ఒలింపిక్ స్వర్ణమూ గెలిచాడు. రిటైరయ్యాక, 2007లో, తనకిక విశ్వాసం లేదని పైకే చెప్పేశాడు. పతకాలు విశ్వాసానికి రుజువనుకునేవాళ్లు ఈ కథ దగ్గర కాసేపు ఆగాలి.

మొన్నమొన్నటి జెమీమా రోడ్రిగ్స్‌నే చూడండి. 2025 అక్టోబర్ 30న ప్రపంచకప్ సెమీస్‌లో ఆస్ట్రేలియా ఇచ్చిన 339 పరుగుల లక్ష్యాన్ని 127 నాటౌట్‌తో దాటించింది. కన్నీళ్లతో యేసుకు కృతజ్ఞతలు చెప్పింది. గెలిచిన క్షణంలో దేవుణ్ణి తలచుకోవడం వింతేం కాదు. టోర్నీ మధ్యలో తనను ఓ మ్యాచ్‌కు పక్కన పెట్టారనీ, ఆందోళనతో రోజూ ఏడ్చేదాన్ననీ దాచకుండా చెప్పడమే చాలామంది మనసుకు తాకింది. ఫైనల్ జరిగింది నవంబర్ 2న, ఆదివారమే. ఆమె ఆడింది, మన జట్టు కప్పు గెలిచింది.

ఒకరు ఆడనన్నారు, ఒకరు మనసు మార్చుకున్నారు, ఒకరు ఆడారు. ఎవరిది గొప్ప భక్తో తూచడానికి మన దగ్గర త్రాసు లేదు. ఒక్కటి మాత్రం గమనించాలి. లిడెల్ పరుగు మానుకున్నా, ఎడ్వర్డ్స్ పోటీ వదులుకున్నా అది వాళ్ల నిర్ణయం. నష్టం వచ్చినా వాళ్లదే. ఇంట్లో భయపెట్టి ఆపితేనో, స్నేహితులు వెక్కిరించి లాక్కెళితేనో ఆ పిల్లాడికి విశ్వాసమూ మిగలదు, ఆటా మిగలదు.

ఇంట్లో పెద్దలు పిల్లల్ని కూర్చోబెట్టి మాట్లాడాలి. టోర్నమెంటులు పెట్టేవాళ్లూ కాస్త ఆలోచించాలి. విదేశం నుంచి వచ్చిన ఒక్క ఆటగాడి కోసం ఆ రోజుల్లో విజ్జీ జట్టు మ్యాచ్‌ల తేదీలే మారాయి. మన పిల్లల కోసం టాస్‌ను ఓ రెండు గంటలు వెనక్కి జరపలేమా?