మాత్ర కబురు పంపితే సరిపోతుందా?

నల్లగండ్లలో ఉండే ఒక పెద్దాయన బి.పి. చూపించుకోవడానికి మా ఓ.పి.కి వస్తుంటారు. అమెరికాలో ఉన్న కూతురు రోజూ ఫోన్ చేసి "నాన్నా, మాత్ర వేసుకున్నావా?" అని అడుగుతుంది. "వేసుకున్నానమ్మా" అంటారాయన. బి.పి. మాత్రం తగ్గదు. చివరికి ఆమె మమ్మల్నే అడిగింది: "కడుపులోకి వెళ్ళగానే ఫోనుకు కబురు పంపే మాత్ర ఉందట కదా, నాన్నకు ఇవ్వకూడదా?"

అలాంటి మాత్ర వచ్చిన మాట నిజమే. 2017 నవంబరులో అమెరికా ఎఫ్.డి.ఏ. 'ఎబిలిఫై మైసైట్'కు అనుమతి ఇచ్చింది. ఇది స్కిజోఫ్రీనియా వంటి మానసిక వ్యాధులకు వాడే మందు, బి.పి.కి కాదు. మాత్రలో ఇసుక రేణువంత సెన్సరు ఉంటుంది. కడుపులోని ఆమ్లం తగలగానే అది సంకేతం ఇస్తుంది. ఒంటికి అంటించిన పట్టీ దాన్ని అందుకుని ఫోనుకు చేరవేస్తుంది. రోగి ఒప్పుకుంటే డాక్టరుకు, ఇంటివారికి కూడా తెలుస్తుంది. అయితే దీనివల్ల రోగులు మందు మరింత క్రమంగా వాడతారని రుజువు కాలేదని ఆ మందు వివరపత్రంలోనే రాశారు. సెన్సరు తయారుచేసిన ప్రోటియస్ సంస్థ 2020లో దివాలా తీసింది.

దీనిపై వైద్యులలో రెండు అభిప్రాయాలున్నాయి. మందు పనిచేయలేదా, రోగి వేసుకోలేదా అన్నది తెలిస్తే అనవసరంగా డోసు పెంచనక్కరలేదని కొందరంటారు. ఎవరో తనను గమనిస్తున్నారని ముందే భయపడే రోగికి ఇలాంటి మాత్ర ఎలా ఇస్తామని మరికొందరు అడుగుతారు.

మన దేశంలో టి.బి. రోగులకు '99డాట్స్' అనే తేలిక పద్ధతి పెట్టారు. మాత్ర బయటికి తీస్తే వెనుక దాగిన ఫోన్ నంబరు కనిపిస్తుంది. ఆ నంబరుకు ఉచితంగా ఫోన్ చేస్తే ఆ రోజు మందు వేసుకున్నట్టు లెక్క. చెన్నై, ముంబయిలలో మూత్ర పరీక్షతో సరిచూసినప్పుడు, ఫోన్ చేసినవారిలో కొందరు మందు వేసుకోలేదనీ, వేసుకున్నవారిలో కొందరు ఫోన్ చేయలేదనీ తేలింది.

ఇక మన పెద్దాయన సంగతి. మా నర్సు ఆయనను పక్కన కూర్చోబెట్టుకుని నెమ్మదిగా అడిగింది. ఆయనకు రాసిన వాటిలో ఒకటి మూత్రం ఎక్కువగా వచ్చే మాత్ర. బస్సులో వెళ్ళే రోజు దారిలో ఇబ్బంది పడతానని దాన్ని మానేసేవారు. కూతురికి ఆ మాట ఎలా చెబుతారు? డాక్టరుగారు ఆ మాత్ర మార్చారు. ఇప్పుడు బి.పి. అదుపులో ఉంది.

మాత్ర మానేశారని యంత్రం చెప్పగలదు. ఎందుకు మానేశారో మీరే చెప్పాలి. దీర్ఘకాల వ్యాధులున్నవారిలో, సంపన్న దేశాలలో సైతం, సుమారు సగం మందే మందులు సరిగ్గా వాడుతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2003లోనే తెలిపింది. కాబట్టి సిగ్గుపడవలసింది ఏమీ లేదు. ఈసారి వచ్చేటప్పుడు మిగిలిన మాత్రలు కూడా తీసుకురండి. ఖరీదు ఎక్కువైనా, కడుపులో మంట వచ్చినా, మరచిపోయినా దాచకుండా చెప్పండి. మరచిన మాత్రకు బదులుగా మరునాడు రెండు వేసుకోకండి. డాక్టరును అడగకుండా బి.పి., షుగరు, టి.బి. మందులు ఆపకండి. మేము కోప్పడము, కారణం వింటాము.