సముద్రము అడుగున భ్రంశములు: వానిని పటమున కెక్కించు విధము

చల్లపల్లి ప్రాంతమున బోరుబావి వేయించిన గృహస్థులకు ఒక సంగతి అనుభవముచేతనే తెలియును. గొట్టము లోనికి దిగినకొలది బంకమన్ను, ఇసుక, మరల బంకమన్ను, మరల ఇసుక తగులునే కాని రాయి తగులదు. బెజవాడయందు ఇంద్రకీలాద్రి రూపమున కన్నుల కగపడు కఠినశిల, ఇచ్చట కృష్ణమ్మ యుగయుగములుగా తెచ్చి పోసిన ఒండ్రు క్రింద మిక్కిలి లోతున అణగియున్నది. అది పళ్లెమువలె సమముగా క్రుంగలేదు. స్నానఘట్టపు మెట్లవలె విరిగి విరిగి క్రుంగినది. అట్లు విరిగి, ఒక ప్రక్క జారిన చోటునే భూగర్భశాస్త్రమున భ్రంశమందురు. ఈ మెట్లు హంసలదీవి కడ ఆగిపోలేదు. సాగరసంగమమును దాటి సముద్రము క్రిందికిని పోయినవి. అచ్చట వానిని కన్నులతో చూచినవారు లేరు. అయినను వానికి పటములు తయారగుచున్నవి. ఆ పటములోని గీత ఎట్లు పుట్టుచున్నది, దానిని ఎంతవరకు నమ్మవచ్చును అను విషయమును ఇచ్చట ముచ్చటింతుము.

భ్రంశమునకును సామాన్యమైన పగులునకును భేదము కలదు. వేసవిలో మన రేగడి చేలు నెఱ్ఱెలు విచ్చును. నెఱ్ఱెకు ఇరుప్రక్కల నున్న నేల ఒకే మట్టమున నుండును. వానలు పడగనే మూసికొనును. భ్రంశమున అట్లు కాదు. ఒక ప్రక్క నేల రెండవ ప్రక్కకంటె క్రిందికో, మీదికో, అడ్డముగనో జరిగి, ఒకప్పుడు కలిసియున్న పొరలు మరల కలియకుండ నిలిచిపోవును. చీలిక తనంత తాను కనబడదు. తెగిన పొరల కొసలు దానిని పట్టియిచ్చును.

మన తీరపు భ్రంశములు రెండు తెగలు. మొదటివి మిక్కిలి పురాతనములు. ఒకప్పుడు భారతభూమియు, నేడు దక్షిణధ్రువమున మంచు కప్పుకొనియున్న అంటార్కిటికాయు ఒకే మహాఖండమున కలిసియుండెను. సుమారు 13 కోట్ల సంవత్సరములకు పూర్వము ఈ రెండును విడిపోయినపుడు భూమిపొర సాగి, ఈశాన్యమునుండి నైరుతికి, నేటి తీరమునకు ఇంచుమించు సమాంతరముగా, వరుసలు వరుసలుగా విరిగినది. క్రుంగిన భాగములు లోయలైనవి. క్రుంగక నిలిచినవి మిట్టలైనవి. బాపట్ల మిట్ట, తణుకు మిట్ట అని శాస్త్రజ్ఞులు చెప్పుకొనునవి ఇట్టివే. ఆ ఊళ్లలో నిలుచుండి చూచినచో మిట్టయు లేదు, పల్లమును లేదు. ఎటు చూచినను వరిచేలే. లోయలను పూడ్చి పైన చదునుచేసినవి నదులు. ఆ పూడిక కొన్ని తావుల 5 కిలోమీటర్లకు మించియున్నది.

రెండవ తెగ వేరు. ఇవి శిల విరిగినందున పుట్టినవి కావు, బరువు వలన పుట్టినవి. కాలువ పూడిక తీయునపుడు ఆ మన్నునంతయు మెత్తని గట్టుమీద గుట్టపోసినచో ఏమగునో డెల్టా రైతునకు చెప్పనక్కరలేదు. గట్టుమీద కాలువ వెంబడి వంపుగా ఒక బీట కనబడును. ఇవతలి భాగము నిలుచును, కాలువవైపు భాగము జానెడు దిగును, కాలువ అడుగున బురద పొంగి పైకి లేచును. కృష్ణా గోదావరులు ఖండపు అంచున చేసినది ఇదే పని, కాకున్న మహాప్రమాణమున. సముద్రపు అరుగుమీద కుప్పలైన ఒండ్రు, తన అడుగున నున్న నీరు వీడని బంకపొరపై మెల్లగా లోతునీటివైపు జారుచు వచ్చినది. జారిన చోట వంపుభ్రంశములును, దిగువన బురద పొంగి లేచిన గుట్టలును ఏర్పడినవి. ఒకవంక పొరలు జారుచుండగా మరియొకవంక నది క్రొత్త ఒండ్రు పోయుచుండును గనుక, దిగిన ప్రక్క పొరలు మందముగను, నిలిచిన ప్రక్క పలుచగను ఉండును. ఈ మందములను పోల్చి, భ్రంశము ఏ కాలమున ఎంత చురుకుగ నడచినదో లెక్కకట్టుదురు. ఈ శాస్త్రములో మాకు మిక్కిలి ముచ్చటగొలుపు లెక్క ఇదియే.

ఇంత శ్రమ ఎందుకని శ్రోతలు అడుగవచ్చును. కారణములలో ధనము మొదటిది; దాచనేల? చమురును వాయువును పొరలగుండ పైకి ప్రాకి, భ్రంశము అడ్డుగోడయైన తావుల నిలుచును. భ్రంశమే త్రోవయైన తావుల తప్పించుకొని పోవును. కావున ఎచ్చట బావి దింపవలెనన్నను ముందుగా భ్రంశముల జాడ తెలియవలయును. 2002లో కాకినాడకు ఎదురుగా లోతునీటిలో దొరికిన వాయునిక్షేపమునకును, 2024 జనవరిలో ఆ తీరపు సముద్రమునుండియే ఓ.ఎన్.జి.సి. వారు తీయనారంభించిన చమురునకును వెనుక ఇట్టి పటములు కలవు. దివిసీమలో నాగాయలంక కడ నేల క్రింద చమురున్నట్లును ఈ శతాబ్దముననే తెలిసినది.

రెండవ కారణము ప్రాణము. 1967 మార్చి 27వ తేదీన ఒంగోలు ప్రాంతమున 5.4 పరిమాణముగల భూకంపము వచ్చినది. 2001 సెప్టెంబరు 25న పుదుచ్చేరికి ఎదురుగా సముద్రము క్రిందనే భూమి కదలినది. 2014 మే 21న బంగాళాఖాతమున 6.0 పరిమాణముగల కంపము కలిగి తీరపు పట్టణములు ఉలికిపడినవి. 2004 డిసెంబరు 26 నాటి సునామిని ఈ తీరమువారు మరువజాలరు. అయితే ఒక భేదమును గుర్తింపవలయును. ఆనాడు కదలినది సుమత్రా అండమానుల వెంబడి ఒక భూఫలకము మరియొకదాని క్రిందికి దూరు మహాభ్రంశము. సుమారు 1300 కిలోమీటర్ల పొడవున అది తెగినది. మన ఒడ్డున అట్టిది లేదు. ఇచ్చటి భ్రంశములు చిన్నవి, నెమ్మదివి. నెమ్మదివైనంతమాత్రమున నిర్జీవములని తలపరాదు. వాని పొడవెంత, వానికి జీవమున్నదా అను రెండు ప్రశ్నలను పటము ముందుంచి అడుగవలసియున్నది.

పటమునకు సాధనము ధ్వని. వెలుగు కొన్ని వందల మీటర్ల నీటిలోనే అణగారును. మీ ఇంటి రేడియోకు పాటను మోసికొనివచ్చు తరంగము ఉప్పునీటిలో అంతకంటెను త్వరగా సమసిపోవును. 1950 దశకమున ఆంధ్ర విశ్వకళాపరిషత్తు వారును, అమెరికా సముద్రశాస్త్రజ్ఞుడు లాఫాండ్ గారును ఓడపై పోయి, ధ్వనిని పంపి ప్రతిధ్వనిని వినుచు ఈ తీరపు లోతులు కొలిచిరి. ఖండపు అంచున అగాధమైన లోయలు బయటపడగా ఒకదానికి ఆంధ్ర యనియు, ఒకదానికి భూగర్భశాస్త్రాచార్యులు మహాదేవన్ గారి పేరును, ఒకదానికి కృష్ణ యనియు నామకరణము జరిగినది. కాని ఆ ధ్వని సముద్రపు నేలను తాకి తిరిగివచ్చునదే. నేల క్రిందికి దిగదు. దిగవలెనన్న ధ్వని మంద్రముగను, బలముగను ఉండవలెను.

చమురు వెదకువారు పొలములలో గుంతలు వేసి మందు ప్రేల్చుటయు, గట్ల వెంబడి తీగలు పరచుటయు డెల్టా గ్రామములవారు చూచినదే. సముద్రమున మందుకు బదులు, ఒత్తిడిపెట్టిన గాలిని ఓడ వెనుక నీటిలో ఒక్కుమ్మడిగ విడుతురు. ఓడ ఈడ్చుకొనిపోవు కిలోమీటర్ల పొడవు తీగకు వినికిడి యంత్రములు వరుసగ కూర్చియుందురు. నీటిలో ధ్వని సెకనుకు సుమారు 1500 మీటర్లు పోవును గనుక, 1000 మీటర్ల లోతున నున్న నేలనుండి ప్రతిధ్వని ఒకటింబావు సెకను దాటిన పిమ్మట చేరును. తరువాత ఒక్కొక్క పొరనుండి ఒక్కొక్కటి వచ్చును. ఓడ సాగుచు కొన్ని సెకన్ల కొకమారు ఇట్లు చేయగా, వచ్చిన ప్రతిధ్వనుల నన్నిటిని ప్రక్కప్రక్కన పేర్చినచో, భూమిని కత్తితో కోసి చూచినట్లు పొరల చిత్రము వచ్చును. పొరల గీతలు వరుసగ పోవుచు ఒకచోట తెగి, ప్రక్కన కొంత దిగువన మరల మొదలైనచో అది భ్రంశము. మంద్రధ్వని కిలోమీటర్ల లోతు దిగును గాని సన్నని తేడాలను చూపదు. తారధ్వని అర మీటరు పొరను సయితము విడదీసి చూపును గాని కొన్ని పదుల మీటర్లు దిగి అలసిపోవును. కనుక రెండును కావలయును.

ఒక్క కోతతో పటము కాదు. ఓడ ఒక గీత వెంబడి పోయి, 5 కిలోమీటర్లు జరిగి మరియొక గీత వెంబడి వచ్చినదనుకొందము. మొదటి చిత్రమున ఒక భ్రంశము, రెండవ చిత్రమున ఒక భ్రంశము కనబడినవి. ఈ రెండును ఒకటేనా? నడుమ ఏమున్నదో ఓడ వినలేదు. పటమున వానిని కలుపు గీత శాస్త్రజ్ఞుని ఊహ. ఈ ఊహకు వెల కలదు. 12 కిలోమీటర్ల భ్రంశము తెగినచో భూకంపము ఇంచుమించు 6 పరిమాణమునకు చేరవచ్చును. 50 కిలోమీటర్లు ఒక్కసారిగ తెగినచో 7కు చేరవచ్చును. పరిమాణము ఒకటి పెరిగినచో వెలువడు శక్తి 30 రెట్లకు మించును. విడివిడి ముక్కలు నాలుగింటిని ఒక గీతగ కలిపినవాడు తీరమునకు లేని భయమును తెచ్చిపెట్టును. ఒకటే యైనదానిని నాలుగుగ త్రుంచినవాడు ఉన్న భయమును దాచిపెట్టును. మా అభిప్రాయమున రెండవది మొదటిదానికంటె చెడ్డది. అనేక తీగలను ప్రక్కప్రక్కన ఈడ్చి, గీతల ఎడమును పదుల మీటర్లకు తగ్గించి, భూమిని దిమ్మగ చూచు పద్ధతి వచ్చిన పిమ్మట ఈ చిక్కు చాలవరకు తీరినది. అయితే దానికగు ఖర్చు మెండు. చమురు ఆశ ఉన్న తావులకే సాధారణముగ అట్టి సర్వే పోవును.

ఇక జీవమున్నదా అను ప్రశ్న. ఇందుకు నది పోసిన బురదయే గడియారము. సుమారు 20,000 సంవత్సరములకు పూర్వము, భూమిపై మంచు విస్తరించిన కాలమున, సముద్రమట్టము ఇప్పటికంటె 120 మీటర్లు దిగువన నుండెను. ఆనాడు హంసలదీవి తీరము కాదు. కృష్ణ ఇంకను ముందునకు ప్రవహించి, నేటి సముద్రపు అరుగు చివర కడలిని కలిసెడిది. మంచు కరగి నీరు పెరుగగా ఆ నేల మునిగినది, దానిపై క్రొత్త బురద పడినది. తారధ్వని చిత్రములలో ఆ మునిగిన నేల ఒక గీతగ కనబడును. భ్రంశము ఆ గీత క్రిందనే సమసిపోయినచో, ఇన్ని వేల ఏండ్లలో అది చెప్పుకొనదగినంత కదలలేదనుకొనవచ్చును. గీతను సయితము కోసినచో జీవమున్నట్లే. కోసినదెల్ల భూకంపము తెచ్చునని మాత్రము కాదు. బరువుచే జారు రెండవ తెగ భ్రంశములు చప్పుడు లేకుండ ప్రాకుచు కూడ పొరలను తెంపగలవు. అందుచేత పొడవైన గొట్టములతో బురదను పైకి తీసి, అందలి గవ్వల వయస్సును కర్బనపద్ధతిచే నిర్ణయింతురు. ఆ పద్ధతి 50,000 ఏండ్లకు లోపలనే పనిచేయును.

చీలికలలో ఏమి దాగియుండునో 2006లో కొంత తెలిసినది. ఆ యేడు జాయిడెస్ రెజల్యూషన్ అను త్రవ్వకపు ఓడ కృష్ణా గోదావరి సముద్రమున, సుమారు 1000 మీటర్ల నీటి క్రింద, బురదలో రంధ్రము వేసినది. మీథేను వాయువును ఇముడ్చుకొని, అగ్గిపుల్లకు అంటుకొను మంచు అచ్చట సుమారు 130 మీటర్ల మందమున దొరికినది. ఆ మంచు పొరలు పొరలుగా కాక, నిటారుగ నున్న పగుళ్లలో నిండియున్నది. క్రిందనుండి వాయువు ఆ పగుళ్ల త్రోవనే పైకి వచ్చినది.

పటములో నేటికిని పని మిగులు తావు ఒడ్డునకు దగ్గరిదే. పెద్ద ఓడ లోతు తక్కువైన నీటిలోనికి రాజాలదు; పొలములలో తీగలు పరచువారు మడ అడవులను దాటి ముందునకు పోజాలరు. సముద్రపు పటమునకును నేల పటమునకును నడుమ, సొర్లగొంది హంసలదీవుల ముందర, ఒక సన్నని పట్టె ఈ రెంటికిని అందక నిలుచును. సముద్రమునుండి వచ్చు భ్రంశము దివిసీమ క్రిందికి దూరినదా, ఒడ్డుకడనే ఆగినదా అను ప్రశ్నకు ఆ పట్టెను దాటియే జవాబు వెదకవలెను. అచ్చట తీగలను బురదలోనే పాతిపెట్టి, అడుగు చదునైన చిన్న పడవలతో పని సాగింతురు. ఆటుపోట్లు చూచుకొని, చేపల వలలకు అడ్డురాకుండ, తుఫానుల దినములు గడచిన పిమ్మట జనవరి మొదలు ఏప్రిల్ వరకు గల నెలలే ఆ పనికి అనువైనవి.