తుపాకి గొట్టము: చట్టము కోరు కొలత

అమరచింత ప్రాంతమున పాత యిండ్ల అటకలు దులిపినప్పుడు ఇత్తడి గంగాళములతోపాటు ఒక్కొక్కచో తాతగారి తుపాకియు బయటపడును. అందు వింత లేదు. నిజాము ఏలుబడిలో ఈ ఊరి పేరిట ఒక సంస్థానముండెను. ఆత్మకూరు దాని ముఖ్యపట్టణము. 1949లో జాగీరులు రద్దగుటతో ఆ కొలువులు ముగిసినవి. ఆనాటి పరవానా నేటికిని చెల్లునని నమ్మువారు కొందరు గలరు. అది పొరపాటు. 1959లో చేయబడి, 1962 అక్టోబరు 1 నుండి అమలులోనికి వచ్చిన ఆయుధముల చట్టము దేశమంతటికిని ఒక్కటే.

ఈ చట్టము తుపాకిని చూచునప్పుడు మొదట గొట్టమును చూచును. లోపల మెలికల గాడులున్నచో అది రైఫిల్. నున్నగా నున్నచో సీసపు గుళ్ళు వెదజల్లు సామాన్యపు తుపాకి. రెండవ ప్రశ్న పొడవు. నున్నని గొట్టమునకు హద్దు 20 అంగుళములు, అనగా 50.8 సెంటీమీటర్లు. మగ్గముల ఊరైన అమరచింతలో దీనిని మూరమీద రెండంగుళములన్నచో పిల్లలకును తెలియును. ఈ కొలతకు తగ్గని తుపాకిని ఆత్మరక్షణకో, క్రీడకో కోరినను, మూతినుండి మందు దట్టించు నాటు తుపాకిని పంటకాపుకై కోరినను, నిరాకరణకు చట్టము చెప్పిన కారణములు లేనియెడల లైసెన్సు ఈయవలెనని 13వ సెక్షను చెప్పుచున్నది. ఆ హద్దునకు తగ్గిన నున్నని గొట్టపు తుపాకి మాత్రము సెమీ ఆటోమేటిక్ ఆయుధముల సరసన మొదటి వర్గమున చేరును. కారణము తేలికయే. పొడవైన తుపాకి భుజముమీద నలుగురికి కనబడును. పొట్టిది కంబళిక్రింద దాగును.

ఇక అసలు చిక్కు. వేరుసెనగ చేనికి అడవిపందులు వచ్చుచున్నవి. తుపాకి మూతి సొట్టపడియున్నది. రైతు దానిని కమ్మరియొద్దకు తీసికొనిపోయి, నాలుగంగుళములు కోసివేయుమనును. ముప్పదిలో నాలుగు పోయినను ఇరువదియారు మిగులును గదా యని అతని ధైర్యము. కాని ఆరవ సెక్షను ఎంత మిగిలినదని అడుగదు. లైసెన్సు లేక గొట్టమును కురుచ చేయుటయే నేరము. 2019 సవరణ తరువాత దీనికి శిక్ష ఏడేండ్లకు తగ్గని జైలు. యావజ్జీవము వరకును పోవచ్చును, జుల్మానా అదనము. అనుమతి లేక తుపాకులు బాగుచేయు వృత్తియు నిషిద్ధమే గనుక కమ్మరియు చిక్కున పడును. ఇంతచేసి రైతునకు కలుగు లాభమేమి? పన్నెండు బోరు తుపాకులలో అనేకమునకు మూతియొద్ద గొట్టము కొంచెము సన్నగిల్లును. గుళ్ళను కొంతదూరము గుంపుగా నడిపించునది ఆ బిగువే. కోసినచో పోవునదియు అదే. మరియొకటి: తుపాకి లైసెన్సు వేటకు అనుమతి కాదు, అడవిపంది విషయమున 1972 నాటి వన్యప్రాణి చట్టము వేరుగా నున్నది.

తాతగారి పేర లైసెన్సుండి ఆయన గతించినచో, వారసులు ఆలస్యము చేయక ఆయుధమును దగ్గరి పోలీసు ఠాణాలోగాని, లైసెన్సుగల వ్యాపారియొద్దగాని దాఖలు చేసి, రసీదు పుచ్చుకొని, తమ పేర దరఖాస్తు పెట్టుకొనవలెను. అమరచింతవారికి ఆ అధికారి వనపర్తి కలెక్టరు. 2019 నుండి సామాన్యముగా ఒకరియొద్ద రెండు తుపాకులకు మించరాదు. లైసెన్సు గడువు మూడేండ్లనుండి అయిదేండ్లైనది. తుప్పుపట్టినది గదా, దీనికేమి లైసెన్సనువారు 45వ సెక్షను చూడవలెను. పాతకాలపుదైనను, చెడిపోయినదైనను, మరమ్మతు చేసినను పేలనిదై యుండవలెను, అట్టిదానికే మినహాయింపు.

అటకమీద నాటు తుపాకి కనబడినచో ముందుగా దానిని కదపకుడు. ఏనాడో దట్టించిన మందు గొట్టములో నింకను ఉండవచ్చును. దీపమును, పిల్లలను దూరముంచి, ఠాణాకు కబురు పంపుడు. వారు వచ్చి చూచినపిమ్మటనే దించవలెను.