విమాన ప్రయాణం – వృద్ధుల ఆరోగ్యం

మా ఊరు మేడ్చల్ సమీపాన గల గౌడవెల్లి. ఒకప్పుడు మా రైల్వే స్టేషనులో బండి ఎక్కేవారికి సికిందరాబాదు వెళ్లిరావడమే ప్రయాణం. నేడు పిల్లలను చూడడానికి అమెరికా వెళ్లే పెద్దలు, “షికాగో ఎంత దూరమండీ? ఎన్ని గంటలు పడుతుంది?” అని నన్ను అడుగుతుంటారు.

హైదరాబాదు నుండి షికాగోకు ఆకాశమార్గాన సూటిదూరం సుమారు 13,300 కి.మీ. దుబాయి మీదుగా వెళితే 14,200 కి.మీ. దుబాయికి సుమారు 4 గంటలు, అక్కడి నుండి షికాగోకు 15 గంటలు. అనగా గాలిలో 19 గంటలు. శంషాబాదు చేరడానికి గంటన్నర, విమానాశ్రయంలో 3 గంటలు, దుబాయిలో నిరీక్షణ 3 గంటలు, దిగిన పిమ్మట తనిఖీలకు, సామానుకు 2 గంటలు కలిపితే మొత్తం 28న్నర గంటలు. పైగా షికాగో కాలం మనకంటే వేసవిలో పదిన్నర గంటలు, చలికాలంలో పదకొండున్నర గంటలు వెనుక ఉంటుంది.

ఈ లెక్క ముందుగా వేసుకొనక తొలి ప్రయాణంలో నేను పొరపడ్డాను. నాకు మధుమేహం ఉంది. చేతి గడియారంలో రాత్రి 8 కాగానే అలవాటు చొప్పున మాత్ర వేసుకొని, భోజనం రాకముందే నిద్రపోయాను. చెమటలు, వణుకుతో మెలకువ వచ్చింది. నా భార్య వెంటనే కలిపి ఇచ్చిన పంచదార నీళ్లతో తేరుకున్నాను.

అధిక ప్రయాణం, రాత్రి జాగరణ వాతాన్ని ప్రకోపింపజేస్తాయని ఆయుర్వేదం చెబుతుంది. విమానంలోని గాలిలో తేమ సాధారణంగా 20 శాతానికి మించదు. అందువలన ముక్కు, గొంతు, చర్మం ఎండిపోతాయి. కనుక ఈ జాగ్రత్తలు పాటించవలెను:

1. మధుమేహం, రక్తపోటు మందుల వేళలను వైద్యునిచే ముందే వ్రాయించుకొనవలెను. మందులు, కొంచెం పంచదార చేతిసంచిలో ఉంచుకొనవలెను.

2. బయలుదేరే ముందురోజు గోరువెచ్చని నువ్వుల నూనెతో అభ్యంగనం చేసుకొని వేడినీటి స్నానం చేయవలెను. ప్రయాణంలో అదే నూనెను ముక్కు లోపల పలుచగా రాసుకొనవచ్చును. సీసా 100 మి.లీ. మించరాదు.

3. మితంగా తిని, తరచుగా నీరు త్రాగవలెను. కడుపుబ్బరం ఉన్నవారికి జీలకర్ర నీరు, వికారానికి చిన్న అల్లం ముక్క మేలు చేస్తాయి.

4. నాలుగు గంటలు మించి కదలక కూర్చుంటే కాలి సిరలలో రక్తం గడ్డకట్టే ప్రమాదం పెరుగుతుంది. గంటకొకసారి పాదాలు ఆడించి, వీలైతే నాలుగడుగులు నడవవలెను. ఒక కాలు మాత్రమే వాచి నొప్పిపెట్టినా, ఆయాసం వచ్చినా నూనె మర్దన చేయక తక్షణం వైద్యుని చూడవలెను.

5. చేరిన పిమ్మట ఆ ఊరి వేళకే భుజించి, పగలు కాసేపు ఎండలో తిరగవలెను. శరీరం రోజుకు సుమారు ఒక గంట చొప్పున మాత్రమే సర్దుకుంటుంది.

మనవలను చూడాలన్న ఆత్రుత సహజమే. మొదటి వారం వారి ఇంటనే విశ్రాంతి తీసుకొని, ఊరు చూసే ముచ్చట తరువాత తీర్చుకొనుట మంచిది.