ఫ్రీ ఏజెన్సీకి ముందు ఆటగాడి మార్పిడి విలువ

ఒక బాస్కెట్‌బాల్ జట్టు తన ఆటగాడిని మరొక జట్టుకు ఇచ్చినపుడు ప్రతిఫలంగా పొందగలిగిన దానిని ఆ ఆటగాడి మార్పిడి విలువ అంటారు. అమెరికా, కెనడా దేశాల జట్లు పాల్గొనే ఎన్.బి.ఏ.లో ఈ ప్రతిఫలం ఇతర ఆటగాళ్ళ రూపంలో గానీ, కొత్త ఆటగాళ్ళను ఎంచుకొనే డ్రాఫ్ట్ హక్కుల రూపంలో గానీ ఉంటుంది. ఒప్పందం ముగిసి, తనకు నచ్చిన జట్టులో చేరే స్వేచ్ఛ పొందిన ఆటగాడిని ఫ్రీ ఏజెంట్ అంటారు. ఆ గడువు సమీపించే కొద్దీ, ఆటలో ఏ లోపమూ లేకపోయినా, మార్పిడి విలువ సాధారణంగా తగ్గుతుంది.

నేపథ్యం

పూర్వం ఒప్పందం ముగిసిన తరువాత కూడా ఆటగాడిపై హక్కు జట్టుకే ఉండేది. ఆటగాళ్ళ సంఘం అధ్యక్షుడు ఆస్కార్ రాబర్ట్‌సన్ పేరిట 1970లో దాఖలైన దావా 1976లో రాజీతో ముగిసి, ఈ పద్ధతి సడలింది. 1988లో పూర్తి స్వేచ్ఛ అమలులోకి రాగా, టామ్ చాంబర్స్ సియాటిల్‌ను వదలి ఫీనిక్స్ సన్స్ జట్టులో చేరాడు. 1996లో షకీల్ ఓనీల్ ఇదే విధంగా లాస్ ఏంజెలెస్ లేకర్స్‌కు వెళ్ళినపుడు ఓర్లాండో జట్టుకు ప్రతిఫలమేమీ దక్కలేదు. ఇటువంటి నష్టానికి భయపడి జట్లు ముందుగానే మార్పిడికి సిద్ధపడతాయి.

విలువను నిర్ణయించే అంశాలు

* ఒప్పందంలో మిగిలిన కాలం: తక్కువ కాలం మిగిలితే కొనే జట్టుకు లభించే ఆట కూడా తక్కువే.
* ఆటగాడి ఉద్దేశము: అతడు తమతో కొనసాగుతాడన్న నమ్మకం ఉంటే ఎక్కువ ఇస్తారు. 2011 ఫిబ్రవరిలో కార్మెలో ఆంథోనీ డెన్వర్ నుండి న్యూయార్క్ నిక్స్‌కు మారినపుడు, దానితో పాటే మూడేళ్ళ పొడిగింపునకు అంగీకరించాడు. నిక్స్ అతనికై పలువురు ఆటగాళ్ళను, డ్రాఫ్ట్ హక్కులను వదులుకొన్నది.
* బర్డ్ హక్కులు: జట్ల వేతనాలపై 1984-85 నుండి పరిమితి ఉన్నది. అయితే సొంత ఆటగాడిని నిలుపుకొనుటకు దానిని దాటవచ్చును. లారీ బర్డ్ పేరుతో పిలువబడే ఈ హక్కు, మార్పిడిలో కొత్త జట్టుకు సంక్రమిస్తుంది.
* గడువు: సీజన్ మధ్యలో, సాధారణంగా ఫిబ్రవరిలో, మార్పిడులకు చివరి తేదీ ఉంటుంది.

కవాయ్ లెనార్డ్ మార్పిడి

శాన్ ఆంటోనియో స్పర్స్ ఆటగాడు కవాయ్ లెనార్డ్ గాయం కారణంగా 2017-18లో 9 ఆటలు మాత్రమే ఆడాడు. 2019 వేసవిలో అతడు ఫ్రీ ఏజెంట్ కాగలడు. 2018 జూలైలో టొరంటో రాప్టర్స్ అతనిని, డానీ గ్రీన్‌ను తీసుకొని, డిమార్ డిరోజన్‌ను, జేకబ్ పోల్టల్‌ను, ఒక మొదటి రౌండు డ్రాఫ్ట్ హక్కును ఇచ్చింది.

2019 జూన్‌లో టొరంటో గోల్డెన్ స్టేట్ వారియర్స్‌ను 4-2తో ఓడించి తన మొట్టమొదటి టైటిల్ గెలిచింది. లెనార్డ్ ఫైనల్స్ ఉత్తమ ఆటగాడిగా ఎన్నికయ్యాడు. మరుసటి నెలలోనే అతడు లాస్ ఏంజెలెస్ క్లిప్పర్స్‌లో చేరాడు. టొరంటోకు ప్రతిఫలమేమీ రాలేదు. అయినా ఒక్క సీజన్ ఆటకు టైటిల్ దక్కినందున ఆ జట్టు నష్టపోయినదని చెప్పలేము.

ఆటగాడి స్థితి

మార్పిడికి ఆటగాడి సమ్మతి సాధారణంగా అవసరం లేదు. డిరోజన్ 2009 నుండి తొమ్మిది సీజన్లు టొరంటోకే ఆడాడు. 2016లో ఫ్రీ ఏజెంట్ అయినపుడు కూడా ఆ జట్టుతోనే అయిదేళ్ళ ఒప్పందం చేసుకొన్నాడు. ఒప్పందంలో ఏళ్ళు మిగిలి ఉండుట అతని మార్పిడి విలువను నిలిపింది. ఆ విధంగా జట్టును వీడక నిలిచిన ఆటగాడే, వెళ్ళిపోగల ఆటగాడి కొరకు ఇవ్వబడ్డాడు.

ఇతర ఉదాహరణ

2017లో ఇండియానా పేసర్స్, మరుసటి ఏడాది ఫ్రీ ఏజెంట్ కాగల పాల్ జార్జ్‌ను ఓక్లహామా సిటీ థండర్‌కు ఇచ్చి విక్టర్ ఒలడీపోను, డొమాంటస్ సబోనిస్‌ను తీసుకొన్నది. వీరిద్దరూ తరువాత ఆల్-స్టార్ ఆటగాళ్ళయ్యారు. జార్జ్ కూడా 2018లో ఓక్లహామాతోనే కొత్త ఒప్పందం చేసుకొన్నాడు. కనుక ఇటువంటి మార్పిడిలో ఒకరి లాభం ఇంకొకరికి నష్టమే కానవసరం లేదు.