లవంగ నూనె తోడైతే యాంటీబయాటిక్‌కు బలం పెరుగుతుందా?

పంటి పోటుకు లవంగ నూనె, జలుబుకు నీలగిరి తైలం, కడుపు ఉబ్బరానికి వాము మనకు కొత్త కాదు. వీటిని యాంటీబయాటిక్‌తో కలిపితే మందుకు లొంగని బ్యాక్టీరియా కూడా చస్తుందన్నదే కొత్త మాట. అందులో కొంత నిజముంది. ఆ కొంత ఎంతో తెలియకుండా సీసా మూత తీయడమే ప్రమాదం.

అపోహ: ఇదంతా బామ్మల నమ్మకమే, శాస్త్రం లేదు.

వాస్తవం: ఉంది. లవంగంలోని యూజినాల్, వాములోని థైమాల్, దాల్చినచెక్కలోని సిన్నమాల్డిహైడ్ బ్యాక్టీరియా కణపొరను దెబ్బతీస్తాయి. పొర దెబ్బతింటే కొన్ని యాంటీబయాటిక్‌లు లోపలికి తేలిగ్గా వెళ్తాయి. దంతవైద్యులు పంటికి తాత్కాలికంగా పెట్టే సిమెంటులో యూజినాల్ ఉంటుంది, కొన్ని మౌత్‌వాష్‌లలో థైమాల్ ఉంటుంది.

అపోహ: ల్యాబ్‌లో రుజువైంది కాబట్టి, మాత్రతో పాటు రెండు చుక్కలు మింగితే సరి.

వాస్తవం: ల్యాబ్‌లో ఏం చేస్తారో చూద్దాం. అరచేతిలో పట్టే ప్లాస్టిక్ పళ్లెంలో 96 గుంటలుంటాయి. ఒకవైపు నుంచి యాంటీబయాటిక్‌ను, ఇంకోవైపు నుంచి నూనెను సగం సగం పలుచన చేస్తూ నింపుతారు. ప్రతి గుంటలో బ్యాక్టీరియా వేసి, రాత్రంతా వెచ్చగా ఉంచి, తెల్లారాక చూస్తారు. మసకబారిన గుంటలో బ్యాక్టీరియా పెరిగినట్టు, తేటగా ఉన్నదాంట్లో ఆగినట్టు. ఆగడమంటే చావడమే కానక్కర లేదు. విడివిడిగా కావలసిన మోతాదులో ఎంత భాగంతో పని జరిగిందో రెండింటికీ లెక్కకట్టి కూడతారు. మొత్తం 0.5 లేదా అంతకు తక్కువైతే ఒకదానికొకటి బలమిచ్చినట్టు. 4 దాటితే ఒకదాన్నొకటి అడ్డుకున్నట్టు. అదీ జరగవచ్చు, కానీ దాన్ని ఎవరూ ప్రచారం చేయరు!

ఆ గుంటలో కాలేయం లేదు, మూత్రపిండాలు లేవు. మింగిన యూజినాల్‌ను కాలేయం త్వరగా మార్చేస్తుంది, అది మూత్రంలో పోతుంది. పళ్లెంలో ఉన్నంత గాఢతలో ఊపిరితిత్తులకో రక్తానికో అది చేరదు. నిజంగా పనిచేసే జోడీ ఎలా ఉంటుందో చూడాలంటే అమాక్సిసిలిన్, క్లావులానిక్ ఆసిడ్ కలిసిన మాత్ర ఉంది. రెండూ రక్తంలో సుమారు గంటకు సగానికి తగ్గుతాయి. అందుకే ఇన్‌ఫెక్షన్ ఉన్నచోట రెండూ ఒకే సమయంలో ఉండగలవు.

అపోహ: కనీసం పైపూతగానైనా యాంటీబయాటిక్‌కు సాటి.

వాస్తవం: 2004లో ప్రచురితమైన బ్రిటన్ పరీక్షలో కొన్ని యాంటీబయాటిక్‌లకు లొంగని ఎంఆర్‌ఎస్‌ఏ బ్యాక్టీరియా ఉన్న 224 మందికి టీ ట్రీ నూనె ఉత్పత్తులో, మామూలు చికిత్సో ఇచ్చారు. ముక్కులోని బ్యాక్టీరియా ముపిరోసిన్ అనే యాంటీబయాటిక్ పూతతో 78 శాతం మందికి పోయింది, టీ ట్రీ క్రీముతో 47 శాతానికే. చర్మం మీద మాత్రం టీ ట్రీయే మెరుగనిపించింది. ఇది కలిపి వాడిన పరీక్ష కాదు, ఒకదాని బదులు ఒకటి వాడినది. అయినా చోటును బట్టి ఫలితం మారుతుందని తేల్చింది.

అపోహ: నూనెకు బ్యాక్టీరియా అలవాటు పడదు.

వాస్తవం: ఆస్పత్రుల్లో తరచూ కనిపించే సూడోమొనాస్ ఎరుగినోసా తన కణంలోకి వచ్చిన టీ ట్రీ నూనె పదార్థాలను పంపులతో బయటికి తోసేస్తుంది. ఆ పంపులే ఎన్నో యాంటీబయాటిక్‌లనూ గెంటుతాయి.

అపోహ: మొక్క నుంచి వచ్చింది కదా, హాని చేయదు.

వాస్తవం: లవంగ నూనె తాగిన పసివాళ్ల కాలేయం దెబ్బతిన్న కేసులున్నాయి. నీలగిరి తైలం మింగిన పిల్లలకు ఫిట్స్ వచ్చిన కేసులూ ఉన్నాయి. పోపులో వేసే రెండు లవంగాలు వేరు, సీసాలోని గాఢమైన నూనె వేరు.

డాక్టరు రాసిన యాంటీబయాటిక్‌ను నూనె నమ్ముకుని తగ్గించకండి, మధ్యలో మానకండి. ఇంట్లో ఏదైనా తైలం వాడుతుంటే ఆ సంగతి డాక్టరుకు చెప్పండి. సీసాలను పిల్లలకు అందని చోట పెట్టండి.